చొక్కా జేబులో పాట

"ఒక మగవారై ఉండి స్త్రీ హృదయాన్ని ఇంత లోతుగా ఎలా పట్టుకోగలిగారు మస్యూ తావెర్నెల్?" అని రేడియోలో ఆ అమ్మాయి అడిగే సమయానికి, ఒదిల్ ఆ మస్యూ తావెర్నెల్ చొక్కాకే కాలర్ ఇస్త్రీ చేస్తోంది.

రేడియోలో ఆమె భర్త రెజిస్ ఒక చిన్న నవ్వు నవ్వాడు. ఆ నవ్వు ఒదిల్‌కి కంఠతా వచ్చు. కుడిచెయ్యి జుట్టులోకి పోనిచ్చి, తల కాస్త పక్కకి వంచి నవ్వుతాడు. రేడియోలో ఎవరికీ కనపడదని తెలిసినా సరే, వంచే ఉంటాడు. "ఏముంది మద్మొయ్‌సెల్! ఆడవాళ్లని ప్రేమించాలి. ప్రేమించినవాడికి వాళ్ల మనసులో మాటలు వాటంతటవే వినిపిస్తాయి" అన్నాడు.

వినిపిస్తాయి, ఎందుకు వినిపించవు, అనుకుంది ఒదిల్ కాలర్ తిరగేస్తూ. కాగితం మీద రాసి, మడిచి, జేబులో పెట్టి పంపిస్తే చెవిటివాడికైనా వినిపిస్తాయి.

అత్తగారు మదామ్ తావెర్నెల్ కిటికీ దగ్గర కూచుని బఠానీలు ఒలుస్తోంది. రేడియో ఉన్న వైపు గర్వంగా తలూపి, "విన్నావుటమ్మాయ్, ఎంత చక్కగా చెప్పాడో! అచ్చం వాళ్ల నాన్నే. మాటలు వాళ్లకి పుట్టుకతో వస్తాయి" అంది. తర్వాత రేడియోలో పాట వేశారు. 'ఉప్పు చేతులు'. ఆ ఏడు పారిస్‌లో ఆ పాట మోగని కాఫీ హోటల్ లేదు, కూనిరాగం తియ్యని మంగలిషాపు లేదు. పాడింది నీనా లోర్మ్. అంటే ఈ ఇస్త్రీబల్ల దగ్గర, నెత్తికి రుమాలు కట్టుకుని, చొక్కా మీద నీళ్లు చిలకరిస్తున్న ఒదిలే. రికార్డు అట్ట మీద ఆమె మొహం ఉంటుంది. లోపల రికార్డు మధ్యన అంటించిన గుండ్రటి చీటీలో, పాట పేరు కింద, చిన్న అక్షరాలతో 'మాటలు: రెజిస్ తావెర్నెల్' అని ఉంటుంది.

చేపల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడదాని చేతుల గురించిన పాట అది. ఆదివారం పొద్దున చర్చికి వెళ్లేముందు నిమ్మచెక్క పెట్టి తోమినా, బూడిద పెట్టి తోమినా, చేతికి పట్టిన ఉప్పువాసన వదలదు. కూతురి చెయ్యి పట్టుకోవడానికి కూడా ఆ తల్లి చేతికి తొడుగు వేసుకుంటుంది. ఇదీ పాట. రెజిస్ తావెర్నెల్ సార్డీన్ చేపని రొట్టె మీద వెన్నతో తప్ప వేరేచోట ఎక్కడా చూసి ఎరగడు. నిమ్మచెక్క సంగతి ఆయనకెవరు చెప్పారని ఏ రేడియో పిల్లకీ అనుమానం రాలేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కాబోలు. అయితే సొమ్ము గలావిడ ఇంట్లో నిలబడి సోకు గలాయన చొక్కా ఇస్త్రీ చేస్తూ ఉండటమే ఇందులో విశేషం.

ఆ తల్లి పేరు కొరాంతిన్. ఒదిల్ వాళ్లమ్మ. దువార్నెనె రేవులో చేపల్ని నూనె డబ్బాల్లో పెట్టి పంపే ఫ్యాక్టరీలో పద్నాలుగో ఏట చేరింది. పడవలు ఎప్పుడొస్తే అప్పుడే పని. తలలు తియ్యాలి, వేయించాలి, వరసగా పేర్చాలి. చేతులు ఆగకుండా ఉండటానికి ఆడవాళ్లు పాడేవాళ్లు. బల్ల ఈ చివర ఒకామె ఎత్తుకుంటే ఆ చివర ఇంకొకామె అందుకునేది. ఎవరు కట్టారో ఎవరికీ తెలియని పాటలు. "ఎవరిదమ్మా ఈ పాట?" అని చిన్నప్పుడు ఒదిల్ అడిగితే, "పాటకి పేరెందుకే, చేపకి పేరుందా?" అని నవ్వేది కొరాంతిన్. అమ్మ చెప్పింది నిజమే. కానీ ఆ పాటల కింద ఫోర్‌మన్ తన పేరు రాసుకోలేదు కదా!

పద్ధెనిమిదో ఏట ఒదిల్ పారిస్ వచ్చి ఒక రికార్డుల కంపెనీలో టైపిస్టుగా చేరింది. ఏ గాయని ఏ పాట పాడాలో నిర్ణయించే పెద్దమనిషి అక్కడ రెజిస్. ఓ రోజు మెట్ల మీద ఆమె పాడుకుంటుంటే విన్నాడు. ఒదిల్ లెగెనెక్ అన్న పేరు వినగానే మొహం చిట్లించాడు. "అది పాట పాడే పిల్ల పేరా, దగ్గుమందు పేరా?" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ వయసులో నవ్వొచ్చింది మరి. అలా నీనా లోర్మ్ అయింది. రెండేళ్లకి మదామ్ తావెర్నెల్ కూడా అయింది. ఒక మనిషికి మూడు పేర్లున్నాయి. అందులో తనది అన్నది ఒక్కటీ ఎక్కడా అచ్చు కాలేదు.

పాటలు రాయడం ఇస్త్రీబల్ల దగ్గరే మొదలైంది. ఎందుకంటే ఇస్త్రీ చేస్తున్న ఆడదాన్ని ఎవరూ పిలవరు. కుట్టుకుంటుంటే పిలుస్తారు, చదువుకుంటుంటే మరీ పిలుస్తారు, కాళ్లు చాపుకుని ఊరికే కూచుంటే ఇల్లు మునిగిపోయినట్టు పిలుస్తారు. చేతిలో వేడి ఇస్త్రీపెట్టె ఉంటే మాత్రం భర్తయినా అత్తగారైనా దూరంగా జరిగి వెళ్లిపోతారు. ఇస్త్రీకి ఒక వరస ఉంది. ముందు కాలర్, తర్వాత భుజాల మీద పట్టీ, తర్వాత కఫ్‌లు, చేతులు, గుండీల వైపు, ఆఖరికి వీపు. పాటకీ అదే వరస అలవాటైపోయింది. కాలర్ దగ్గర పల్లవి తడుతుంది. చేతుల దగ్గరికి వచ్చేసరికి మొదటి చరణం నిలబడుతుంది. వీపు అయ్యేసరికి పాట అయిపోతుంది. మేజోళ్ల పొట్లంలో వచ్చే అట్టముక్క మీద పెన్సిలుతో రాసి, మర్చిపోకుండా ఇద్దామని మొదటిసారి ఆ చొక్కా జేబులోనే పెట్టింది. రెజిస్ దాన్ని చదివి, ఆమె నుదుటి మీద ముద్దుపెట్టి, "బాగుందే చిట్టీ! ఎక్కడో చిన్న మెరుపుంది" అన్నాడు. ఆ చిన్న మెరుపుని టాక్సీలో కూచుని తన చేతిరాతలోకి ఎక్కించుకుని, స్టూడియోలో పదిమంది ముందు జేబులోంచి తీసి, "రాత్రి తట్టింది" అన్నాడు.

ఆమె అడక్కపోలేదు. అడిగింది. దానికి రెజిస్ అరటిపండు ఒలిచిపెట్టినట్టు విడమరిచి చెప్పాడు. పాట కింద పేరు పడాలంటే పాటల రచయితల సంఘంలో సభ్యత్వం ఉండాలి. సభ్యత్వానికి పరీక్ష ఉంది. గదిలో కూచోబెట్టి, ఒక విషయం ఇచ్చి, రెండు గంటల్లో పాట రాయమంటారు. "నీకెందుకు చిట్టీ ఆ హింస? ప్రస్తుతానికి నా పేరు వేద్దాం. నీదైతేనేం, నాదైతేనేం?" అన్నాడు. నీదైతేనేం నాదైతేనేం అనే మాట ఎప్పుడూ పుచ్చుకునేవాళ్లే అంటారని ఒదిల్‌కి అప్పుడు తట్టలేదు. ఆ 'ప్రస్తుతానికి' ఎనిమిదేళ్లు సాగింది. పద్నాలుగు పాటలయ్యాయి. అట్టముక్కల్ని అత్తగారు పొయ్యి రాజెయ్యడానికి వాడేసింది. సాక్ష్యానికి ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

రేడియో కట్టేసి ఒదిల్ చొక్కా హ్యాంగరుకి తగిలించింది. ఆ మధ్యాహ్నమే రచయితల సంఘానికి ఉత్తరం రాసింది, ఒదిల్ లెగెనెక్ అని సంతకం పెట్టి. ఆ సంతకం చేసి ఎంతకాలమైందో, 'గ' దగ్గర కలం తడబడింది.

సాయంత్రం రెజిస్ చేతిలో ఒక కాగితంతో ఇంటికొచ్చాడు. బాణీలు కట్టే ఆన్సెల్మ్ కొత్త బాణీ ఇచ్చాడు. ఎన్ని అక్షరాలు పట్టాలో తెలియడానికి దాని కింద లెక్కకి సరిపోయే అర్థంలేని మాటలు రాసున్నాయి. "కాలీఫ్లవరూ కాలీఫ్లవరూ, కాలువగట్టున పిల్లీ" అని ఏదో. ఈ పనిలో అది మామూలే.

"దీనికేమైనా ఆలోచించు చిట్టీ, ఇస్త్రీ చేసుకుంటూ" అన్నాడు రెజిస్. "వచ్చే నెల రికార్డింగు. మూడు పాటలు రెడీ. ఈ నాలుగోది ఉంటే చాలు."

"రెజిస్, నేను పరీక్షకి వెళ్దామనుకుంటున్నాను" అంది ఒదిల్.

అతనికి ముందు ఏ పరీక్షో అర్థం కాలేదు. డాక్టరు దగ్గరికేమో అనుకుని కంగారుపడ్డాడు. అర్థమయ్యాక నవ్వాడు. "నేను వద్దనను. ఈ ఇంట్లో నిన్ను ఎవరు ఎప్పుడు ఏం వద్దన్నారు? కానీ తప్పావనుకో. 'నీనా లోర్మ్‌కి పాట రాయడం రాదు' అని పత్రికలవాళ్లు వేస్తారు. నీ పరువు, నా పరువు, కంపెనీ పరువు! నాలుగు గోడల మధ్య కూచుని నువ్వు రాయలేవు చిట్టీ. నీది అలా అలవోకగా వచ్చేది. ఆడవాళ్లకి అలాగే వస్తుంది. దాన్ని ఒక రూపంలోకి తేవడానికి మాలాంటి వాడొకడు కావాలి."

"ఏ రూపం తెచ్చావు? ఒక్క మాటయినా మార్చావా ఎప్పుడైనా?"

"మార్చనవసరం లేదని తెలుసుకోవడం కూడా ఒక విద్యే" అన్నాడు రెజిస్. ఆ మాట తనకే బాగా నచ్చినట్టుంది, వాళ్లమ్మకి వినిపించడానికి వంటింట్లోకి వెళ్లాడు.

పరీక్ష గురువారం పొద్దున. గౌను కొలతలకి వెళ్తున్నానని ఇంట్లో చెప్పింది. ఎత్తయిన గది, పొడుగు బల్ల, ఇంకో ముగ్గురు అభ్యర్థులు. ముగ్గురూ మగవాళ్లే. ఒకడు వచ్చీరాగానే మూడు పెన్సిళ్లు చెక్కుకున్నాడు. కాపలా ఉండే మద్మొయ్‌సెల్ బ్వసార్ అనే ముసలావిడ చీటీ విప్పి విషయం చదివింది: 'ఎదురింటి కిటికీ'. తలుపు మూసింది. అరగంట గడిచినా ఒదిల్ కాగితం తెల్లగానే ఉంది. రెజిస్ అన్నదే నిజమా అనుకుంది. నాలుగు గోడల మధ్య నాకు నిజంగానే రాదా? మెరుపులే తప్ప నా దగ్గర ఏమీ లేదా? పెన్సిలు పట్టుకున్న చెయ్యి ఏం చెయ్యాలో తెలియక అలా ఉండిపోయింది. అప్పుడు ఒదిల్ లేచి నిలబడింది. ఆ చేత్తో బల్లని రుద్దడం మొదలుపెట్టింది. ముందు మూల, తర్వాత అడ్డంగా, తర్వాత పొడుగ్గా. కాలర్, పట్టీ, కఫ్‌లు.

"మదామ్, ఒంట్లో బాగానే ఉందా?" అంది బ్వసార్.

"బాగుంది మద్మొయ్‌సెల్. ఇస్త్రీ చేస్తున్నాను."

మూడు పెన్సిళ్లవాడు కిసుక్కున నవ్వాడు. ముసలావిడ మాత్రం నవ్వలేదు. ఒదిల్ చేతివంక ఒక్క క్షణం చూసి, "కానివ్వండి" అంది. రెండో చెయ్యి దగ్గరికొచ్చేసరికి పాట వచ్చేసింది. ఆన్సెల్మ్ బాణీ చెవిలో ఉన్నట్టుంది, కాలీఫ్లవర్ల లెక్కకి సరిగ్గా సరిపోయింది.

*ఎదురింట ఆమె, ఇటు నేను,
నడుమన వీధి, రెండద్దాలు.
ఆమె చెయ్యెత్తితే నా చెయ్యి లేస్తుంది,
ఇద్దరి చేతా ఇస్త్రీపెట్టె,
పలకరించను ఖాళీ చెయ్యేదీ?*

ఆఖరి చరణంలో ఎదురింటామె పెట్టె దించి కిటికీ తీస్తుంది. అంతే. గడువుకి ఇంకా పావుగంట ఉండగానే కాగితం ఇచ్చేసి, మెట్లు దిగుతూ ఒదిల్ చిన్నపిల్లలా రెండేసి మెట్లు దూకింది.

పదిహేను రోజుల తర్వాత పిలిచారు. ముగ్గురు న్యాయనిర్ణేతలు. మధ్యలో దెలెస్త్రాద్ గారు. తెల్లమీసం, చాలా మర్యాదస్తుడు. ఆమెని చూడగానే లేచి నిలబడ్డాడు. "ఒదిల్ లెగెనెక్ అంటే ఎవరో అనుకున్నాం. మన నీనా లోర్మ్! ఎంత అదృష్టం!" అని కుర్చీ లాగి వేశాడు. తర్వాత ఆమె కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నాడు.

"పర్వాలేదు. లయ బాగుంది. పల్లవి చాలా బాగుంది. కానీ మదామ్, ఇందులో మస్యూ తావెర్నెల్ పోలికలు ఎక్కువ. అదే విరుపు, అవే ఇంటిపనులు, ఆఖరి చరణంలో అదే మలుపు. రోజూ భర్త పాటలు పాడే గొంతుకి అవే పట్టుకుంటాయి, మీ తప్పు కాదు. కానీ ఇక్కడ మేము చూసేది సొంత గొంతు."

ఒదిల్‌కి ముందు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. "మస్యూ, ఆ పాటలు నేనే రాశాను. పద్నాలుగూ నావే" అంది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. దెలెస్త్రాద్ గారు ఏడుస్తున్న పిల్లకి మిఠాయి ఇస్తున్నంత మెత్తగా, "సహజం మదామ్. తను పాడే పాట తనదే అనుకోకపోతే ఏ గొప్ప గాయనీ పాడలేదు. మీ గొప్పతనమే అది" అన్నాడు. "సొంత గొంతు వెతుక్కోండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ రండి."

బయటికొచ్చి వీధిలో నిలబడితే, ఒదిల్‌కి ఎటు వెళ్లాలో తోచలేదు. తన ఇంట్లో దొంగ పడ్డాడని ఫిర్యాదు చెయ్యడానికి వెళ్తే, 'మీ ఒంటి మీద నగలు దొంగగారి నగల్లా ఉన్నాయే' అని పట్టుకున్నట్టుంది. తప్పిందని కాదు బాధ. బాగా రాయలేదని తప్పిస్తే తలవంచుకుని ఇంటికెళ్లి ఇంకా బాగా రాసేది. కానీ తనలా రాసినందుకు తప్పించారు! ఇంక సొంత గొంతు వెతుక్కోవాలంటే ఎక్కడికెళ్లి వెతకాలి? దాన్ని ఎనిమిదేళ్లుగా మడతపెట్టి ఇంకొకరి జేబులో పెడుతోంది. దువార్నెనె బల్లల దగ్గర ఏ పేరూ లేని ఆడవాళ్లు పాడుకుంటే ఎవడూ వచ్చి, అమ్మా మీరు ఫోర్‌మన్‌ని అనుకరిస్తున్నారు అనలేదు.

ఆదివారం భోజనానికి ఆన్సెల్మ్ వచ్చాడు. ప్రతి ఆదివారం వస్తాడు. ఒదిల్ వండిన గొర్రెమాంసం, చిక్కుడుగింజలు వడ్డిస్తుంటే రెజిస్ గ్లాసు మీద చెంచాతో టింగుమనిపించాడు.

"మిత్రులారా, ఒక వార్త! దెలెస్త్రాద్ ఫోన్ చేశాడు. మన నీనా నాకు చెప్పకుండా పరీక్షకి వెళ్లింది. ఎందుకు తప్పించారో తెలుసా? అచ్చం నాలా రాసిందట!" కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. "ఇంతకంటే పొగడ్త ఏ భర్తకైనా దొరుకుతుందా? చిట్టీ, నాకేం కోపం లేదు. అసలు నాకు చాలా ముద్దొచ్చింది."

"గౌను కొలతలన్నావు" అంది అత్తగారు మాంసం ముక్క కోసుకుంటూ.

ఆన్సెల్మ్ నవ్వలేదు. పళ్లెంలోకి చూస్తూ, "విషయం ఏమిచ్చారు?" అని ఒదిల్‌ని మెల్లిగా అడిగాడు.

"ఎదురింటి కిటికీ."

"గదిలో కూచోబెట్టి తలుపేస్తే నా వల్ల కాదు బాబూ. నీ వల్ల అవుతుందా రెజిస్?"

"నా వల్ల కాకపోవడమేమిటి? ఇరవై ఏళ్ల వయసులో కళ్లు మూసుకుని పాసయ్యాను. ఇప్పుడైతే గంటలో రాసిపారేస్తాను" అన్నాడు రెజిస్, రొట్టెతో పళ్లెంలో పులుసు తుడుచుకుంటూ. ఇరవై ఏళ్ల వయసులో ఏం రాశాడో ఎవరికీ తెలియదు. పెళ్లికి ముందు ఆయన పేరు మీద వచ్చిన పాటలు రెండే రెండు, రెండూ పళ్లపొడి ప్రకటనలే.

వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే అత్తగారు వెనకాలే వచ్చి తుడవడానికి గుడ్డ తీసుకుంది. ఆవిడ ఎప్పుడూ గిన్నెలు తుడవదు.

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందమ్మాయ్. ఇంటి సంగతి బజారుకెక్కిస్తే నీకేం ఒరుగుతుంది?"

"మీకు తెలుసా అత్తగారూ, ఆ పాటలు నావని?"

"నాకు చదువొచ్చుగా. ఆ అట్టముక్కలు పొయ్యిలో పెట్టేముందు ఒక్కోటీ చదివే పెట్టాను. ఆ ఉప్పుచేతులది రెండుసార్లు చదివాను." ఆవిడ పళ్లెం అద్దంలా మెరిసేదాకా తుడుస్తూనే ఉంది. "నువ్వొక్కదానివే అనుకున్నావా? మీ మామగారు ఊళ్లో ఏ సభలో లేస్తే చప్పట్లే. ఆ ఉపన్యాసాలు ఎవరు రాశారనుకున్నావు? ముప్ఫై ఏళ్లు. జామ్ కాస్తూ కాస్తూ చెప్పేదాన్ని, ఆయన రాసుకునేవాడు. నేనెప్పుడైనా నోరెత్తానా? ఆయన పోయాక సమాధి రాయి మీద 'మహావక్త' అని చెక్కించాం. ఆ మాట కూడా నేనే రాసిచ్చాను."

ఆ మాట అని ఆవిడ గర్వంగా నవ్వబోయింది. నవ్వు సగంలో ఎక్కడో తట్టుకుంది. చేతిలో పళ్లెం అలాగే ఉంది. ఒదిల్ ఆవిడ వైపు చూసింది. డెబ్భై రెండేళ్ల మనిషి, చక్కగా దువ్విన తెల్లజుట్టు, ఆ జుట్టు కింద ముప్ఫై ఏళ్ల ఉపన్యాసాలు. ఇన్నాళ్లూ ఈవిణ్ణి శత్రువనుకుంది. ఇప్పుడు చూస్తే ఈవిడే తన డెబ్భై రెండో ఏడు. నా చేతే 'మహాకవి' అని రాయిస్తారు, నేనూ రాసిస్తాను, మధ్యలో ఎవరో కోడలు గిన్నెలు కడుగుతుంటే ఇదే గర్వంతో చెప్పుకుంటాను. వద్దు తల్లీ, అంతదాకా వద్దు.

"రేపు వాడికి తెల్లచొక్కా ఇస్త్రీ చేసి ఉంచాలిట, మంగళవారం రికార్డింగుకి" అంది అత్తగారు, కళ్లు తుడుచుకోకుండా పళ్లెమే తుడుస్తూ.

"చేస్తానండీ" అంది ఒదిల్.

సోమవారం తెల్లచొక్కా ఇస్త్రీ చేసింది. ఎప్పటికంటే శ్రద్ధగా చేసింది, కాలర్ కత్తిలా నిలబడింది. అట్టముక్క మీద నాలుగు ముక్కలు రాసి, మడిచి జేబులో పెట్టింది. మంగళవారం పొద్దున అది తొడుక్కుని రెజిస్ జేబు పైనుంచి తడిమి చూసుకుని, ఉందని తృప్తిపడి, నుదుటి మీద ముద్దుపెట్టాడు. ఇద్దరూ ఒకే కారులో వెళ్లారు. నడిపేది అతనే కాబట్టి చేతిరాతలోకి ఎక్కించుకునే పని దారిలో కుదరలేదు.

స్టూడియోలో పద్ధెనిమిది మంది వాద్యాలు సరిచేసుకుంటున్నారు. మూడు పాటలు గంటన్నరలో అయిపోయాయి. వాద్యబృందం సాయంత్రం దాకా ఉంటుంది. ఆన్సెల్మ్ నాలుగో బాణీ కాగితాలు పంచి, "మాటలేవి రెజిస్? ఇంకా కాలీఫ్లవరే ఉందిక్కడ" అన్నాడు. అందరూ నవ్వారు. ఈ ఘట్టం వాళ్లకి అలవాటే. రెజిస్ జుట్టులోకి చెయ్యి పోనిచ్చి, తల కాస్త పక్కకి వంచి, "రాత్రే తట్టింది" అంటూ జేబులోంచి అట్టముక్క తీశాడు. అందులో ఇలా ఉంది:

*అభ్యర్థి: రెజిస్ తావెర్నెల్. విషయం: ఇస్త్రీ చేసిన చొక్కా. సమయం: రెండు గంటలు.*

అతని మొహంలో రంగు దిగిపోయింది. "ఏమిటిది చిట్టీ?" అన్నాడు గొంతు తగ్గించి.

"నాకు రెండు గంటలిచ్చారు. నీకూ రెండే" అంది ఒదిల్, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "పక్కగది ఖాళీగా ఉంది. కాగితాలు పెట్టాను. మూడు పెన్సిళ్లు చెక్కిపెట్టాను."

"వేళాకోళానికి ఇదా సమయం? అందరూ కాచుకునున్నారు!"

ఆన్సెల్మ్ పియానో మీద మోచెయ్యి ఆనించాడు. "గంటలో రాసిపారేస్తానన్నావుగా రెజిస్, మొన్న మాంసం తింటూ. మేం కాచుకుంటాంలే."

వయొలిన్ల వాళ్లకి హుషారు పుట్టింది. మస్యూ తావెర్నెల్ రాస్తుండగా ఎప్పుడూ చూడలేదు, చూద్దాం అన్నారు. పద్ధెనిమిది మంది ముందు, నా వల్ల కాదు అనే మాట ఆయన నోటికి రాదు. నవ్వుతూ లోపలికి వెళ్లాడు. ఒదిల్ తలుపు మూసి, దాని ముందు కుర్చీ వేసుకుని, మద్మొయ్‌సెల్ బ్వసార్‌లా చేతులు ఒళ్లో పెట్టుకుని కూచుంది. వాద్యాలవాళ్లు పేకముక్కలు తీశారు. లోపల్నుంచి కాగితం చింపిన చప్పుడు ఒకసారి వచ్చింది. కాసేపటికి ఇంకోసారి. అడుగుల చప్పుడు. మళ్లీ చింపిన చప్పుడు. ఒదిల్‌కి జాలేసిందా? వేసింది. ఎనిమిదేళ్లు జాలి అలవాటైన మనిషి, ఊరికే పోదు. లేచి తలుపు తెరిచి ఒక పల్లవి చేతిలో పెడితే ఎంతసేపు అనిపించింది కూడా. కుర్చీ అంచులు రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూచుంది. ఈ చెయ్యి ఇంక జేబులోకి వెళ్లకూడదు.

రెండు గంటలకి తలుపు తెరుచుకుంది. కాలర్ నలిగిపోయింది. చేతిలో ఒక్క కాగితం, అందులో ఆరు పంక్తులు. ఒదిల్ తీసుకుని నిలబడి చదివింది. మళ్లీ మొదట్నుంచి చదివింది. తెల్లచొక్కా, దానికి ఉప్పువాసన, నిమ్మచెక్క పెట్టి తోమే చేతులు. ఆఖరి పంక్తిలో చేతికి తొడుగు కూడా ఉంది.

ఆమె కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది. గదిలో పేకముక్కలు ఆగిపోయాయి.

"పర్వాలేదు" అంది మర్యాదగా. "కానీ మస్యూ, ఇందులో ఒదిల్ లెగెనెక్ పోలికలు ఎక్కువ. రోజూ భార్య పాటలు జేబులో మోసేవాళ్లకి అవే పట్టుకుంటాయి, మీ తప్పు కాదు. సొంత గొంతు వెతుక్కోండి. ఆర్నెల్ల తర్వాత మళ్లీ రండి."

ఒదిల్ లెగెనెక్ ఎవరని వాద్యాలవాళ్లలో ఎవరూ అడగలేదు. హార్ప్ వాయించే ఆవిడ, ఆ పద్ధెనిమిది మందిలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి, గట్టిగా ఒక్క నవ్వు నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెజిస్ ఆన్సెల్మ్ వైపు చూశాడు. ఆన్సెల్మ్ కాగితాల మీద కాలీఫ్లవర్లని వరసగా కొట్టేస్తున్నాడు.

ఒదిల్ మైకు ముందుకి వెళ్లింది. ఆమెకి కాగితం అక్కర్లేదు. అద్దం అవతల్నుంచి రికార్డిస్టు ఎప్పటిలాగే అడిగాడు. "టేపు మీద చెప్పాలి మదామ్. పాట పేరు?"

"ఎదురింటి కిటికీ."

"పాడేది నీనా లోర్మ్. మాటలు... మస్యూ తావెర్నెల్, కదా?"

"కాదు" అంది ఒదిల్. "ఆ చోటు ఖాళీగా వదిలెయ్యండి. రికార్డు మీదా ఖాళీగానే వదలమనండి. ఇంకెవరి పేరూ రాయొద్దు. ఆర్నెల్లకొకసారి పరీక్షకి వెళ్తూనే ఉంటాను, పాసయ్యాక వచ్చి నా చేత్తో నేనే రాసుకుంటాను."